పని చేయించే నాయకుడి దురుసుతనాన్ని ఎంతవరకు భరించాలి?

కల్వకుర్తి రోడ్ (నాగర్‌కర్నూల్ జిల్లా)

అందరికీ నమస్తే. ఈ చర్చావేదికలో మనం ఎక్కువగా భూములు, నీళ్ళు, ఉద్యోగాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి మనుషుల గురించి అడగాలనుంది. రాజకీయాల్లోనో వ్యాపారంలోనో బాగా పేరున్న మనిషి ఉంటాడు. మాటతో వేలమందిని కూర్చోబెడతాడు. అదే మనిషి పక్కనున్నవాళ్ళను బూతులు తిడతాడు, చెయ్యెత్తుతాడు, ఇచ్చిన మాట తప్పుతాడు. ఇవన్నీ మనకు తెలుసు. తెలిసీ మళ్ళీ ఆయన మీటింగ్‌కే పోతాం. ఎందుకు?

మా ప్రాంతం పెద్ద పెద్ద ఆకర్షణలను చూసిందే. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో మూడు చోట్ల నిలబడి మూడూ గెలిచారు, అందులో నల్లగొండ ఒకటి. 1989 ఫిబ్రవరిలో మంత్రివర్గం మొత్తాన్ని ఒక్కసారిగా తీసేశారు. ఆ ఏడాది చివర్లో మా కల్వకుర్తిలో పోటీ చేసి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. అంతటి మనిషికి కాదని చెప్పగలిగిన ఊళ్ళలో ఇవాళ మైకు పట్టుకుని చిన్న ఉద్యోగిని తిట్టే నాయకుడికి ఈలలు పడుతున్నాయి. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. మీరంతా ఏమంటారు?

నిర్వాహకురాలు

మంచి చర్చ. ఒక్క షరతు. ఇప్పుడు పదవుల్లో ఉన్న మన జిల్లాల నాయకుల పేర్లు పెట్టి ఆరోపణలు రాయొద్దు. కోర్టులో తేలినవి, వాళ్ళే ఒప్పుకున్నవి, చరిత్రకెక్కినవి రాయండి. సొంత అనుభవమైతే ఎదుటివాళ్ళ పేరు లేకుండా చెప్పండి.

నకిరేకల్ రైతు

అన్నా, మర్యాదగా మాట్లాడే నాయకులను మేము చాలామందిని చూసినం. దండం పెడతారు, భుజం మీద చెయ్యి వేస్తారు, అర్జీ తీసుకుని పీఏ చేతికిస్తారు. ఆ తర్వాత అది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మా కాలువ తూము పూడిపోయి చివరి పొలాలకు నీళ్ళు రాక ఎంత తిరిగినమో. గట్టిగా అరిచే నాయకుడు ఒకాయన వచ్చి ఇంజినీరును ఊరందరి ముందు కడిగేసినంక జేసీబీ వచ్చింది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలని పెద్దలు ఊరికే అన్లేదు. ఆయన డ్రైవర్‌ను ఏమంటాడు, ఇంట్లో ఎట్లా ఉంటాడు, అది నాకెందుకు? నాకు నీళ్ళు కావాలి.

ఆర్టిజన్ బిడ్డ (మిర్యాలగూడ)

రైతన్నా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు చెప్పిన సామెతలో పాలు తాగేది ఒకరు, తన్నులు తినేది ఇంకొకరు. పాలు తాగేవాళ్ళు భరించమని చెప్పడం చాలా సులువు.

మా నాన్న కరెంటు శాఖలో ఆర్టిజన్, అంటే కింది స్థాయి పనివాడు. నాట్ల సమయంలో ఒక ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ మళ్ళీ కాలిపోయింది. ఎందుకంటే దాని సామర్థ్యానికి మించి మోటార్లున్నాయి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో అన్నీ ఒకేసారి తిరుగుతాయి. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) అంచనా వేసి పంపాలి, పైన మంజూరు కావాలి, సామాను రావాలి. వీటిలో ఒక్కటి కూడా నాన్న చేతిలో లేదు. సభలో నిలబెట్టి తిట్టింది మాత్రం నాన్ననే. మంజూరు చేయాల్సిన పెద్ద ఆఫీసర్ అదే వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మా బంధువులకు కూడా చేరింది. నాన్న ఇప్పటికీ ఆ ఊరి డ్యూటీ పడితే అన్నం సరిగా తినరు.

అరిచే నాయకులను జాగ్రత్తగా చూడండి. వాళ్ళకు కోపం ఎవరి మీద రావాలో బాగా తెలుసు. తిరిగి ఏమీ చేయలేని మనిషి మీదే వస్తుంది.

నకిరేకల్ రైతు

చెల్లే, మీ నాన్న సంగతి విని చాలా బాధైంది. అట్లా జరగకూడదు. అయినా నా ప్రశ్న అట్లనే ఉంది. ఆ రోజు ఎవరూ గట్టిగా అనకపోతే మా తూము ఎట్లా తెరుచుకునేది?

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ (నాగార్జునసాగర్)

తమ్మీ, నీటిపారుదల శాఖలోనే బతుకంతా గడిపిన మనిషిగా చెప్తున్నా. తూము పూడిక తీయడానికి అంచనా, నిధి, టెండరో నామినేషనో (టెండరు లేకుండా నేరుగా పని అప్పగించడం), ఇన్ని ఉంటాయి. నాయకుడు సభకు వచ్చే ముందే పై ఆఫీసుకు ఫోన్ పోతుంది. 'ఈ పని కావాలి' అని ఆయన అడగగానే ఫైలు కదులుతుంది. ఎందుకంటే ఆయన ఎమ్మెల్యేనో మంత్రో కాబట్టి. సభలో తిట్టేది ఆ తర్వాత. జేసీబీని రప్పించింది ఆయన పదవి, ఆయన ఫోను. తిట్టకపోయినా అదే జేసీబీ అదే వారంలో వచ్చేది. నెమ్మదిగా మాట్లాడుతూనే గట్టిగా పని చేయించుకున్న మంత్రులను నేను చూశాను. సమీక్షలో కాగితం ముందు పెట్టుకుని 'పోయిన నెల మీరు ఈ తారీఖు అన్నారు, ఏమైంది' అని అడిగేవాళ్ళు. మాకు వాళ్ళంటేనే ఎక్కువ భయం. తిట్టే మనిషి దగ్గర తలవంచుకుని నిలబడితే గండం గడిచిపోతుంది. తారీఖులు గుర్తుపెట్టుకునే మనిషి దగ్గర గడవదు.

తిట్లు తినే ఆఫీసులో ఇంకో నష్టం కూడా ఉంది. గేటు తుప్పు పట్టింది, కట్టకు బుంగ పడింది అని పైకి చెప్పడానికి ఎవరూ ముందుకు రారు. చెప్పినవాడి మీదే పడుతుందని భయం. చెరువు తెగేదాకా కాగితం మీద అంతా బాగానే ఉంటుంది.

సూర్యాపేట మాస్టారు

మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి పోదాం. ఈలలు ఎందుకు పడుతున్నాయి?

మన జిల్లాల్లో అధికారం అంటే ఒకప్పుడు దొర. దొరకు ఆకర్షణ అక్కర్లేదు. భూమి ఉంది, వతన్ (వంశపారంపర్య హక్కు) ఉంది, వెనక నిజాం పోలీసు ఉన్నాడు. వెట్టి చేయకపోతే దెబ్బలు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ ఊరు అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిదే. అక్కడి నుంచి సాయుధ పోరాటం ఎట్లా పాకిందో అందరికీ తెలుసు. అంటే దొర అధికారం మనం ఇచ్చింది కాదు.

ఇప్పటి జనాకర్షక నాయకుడి అధికారం పూర్తిగా మనం ఇచ్చిందే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అధికారాన్ని మూడు రకాలుగా చెప్పాడు. సంప్రదాయం నుంచి వచ్చేది, చట్టం నుంచి వచ్చేది, ఒక మనిషిలో ఏదో అసాధారణ శక్తి ఉందన్న నమ్మకం నుంచి వచ్చేది. ఈ మూడోదానికి ఒక బలహీనత ఉందన్నాడు. ఆ శక్తి ఉందని మళ్ళీ మళ్ళీ రుజువు చేసుకుంటూ ఉండాలి. రుజువు ఆగితే అధికారం పోతుంది. పాఠశాల కట్టడానికి రెండేళ్ళు పడుతుంది. ఒక ఉద్యోగిని తిట్టడానికి రెండు నిమిషాలు చాలు, కెమెరా కూడా ఉంటుంది.

చప్పట్లు కొట్టేవాళ్ళను కూడా నేను తక్కువ చేయను. భూమి పాస్‌బుక్‌లో ఒక తప్పు సరిచేయించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగి వేసారిన మనిషికి, ఆఫీసర్ తలవంచుకోవడం చూస్తే కడుపు చల్లబడుతుంది. తనకు జరిగిన అవమానానికి ఎవరో బదులు తీర్చినట్టు ఉంటుంది. నాయకుడికి ఈ సంగతి తెలుసు. కానీ సభ అయిపోయాక ఆ మనిషి పాస్‌బుక్‌లో తప్పు అట్లనే ఉంటుంది.

కల్వకుర్తి రోడ్

మాస్టారూ, మరి 1989లో మావాళ్ళు ఎన్టీఆర్‌ను ఓడించింది ఆ ఒంటెత్తు పోకడ వల్లేనా? మా ఇంట్లో పెద్దలు అట్లనే అంటారు.

సూర్యాపేట మాస్టారు

ఆ ఒక్క కారణమే అంటే అతి అవుతుంది. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచింది. ఆయన చేసిన మేలు కూడా మన పల్లెలు మరిచిపోలేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేయడం తెలంగాణ పల్లెకు చిన్న విషయం కాదు. భూమి రికార్డు ఒక కుటుంబం ట్రంకుపెట్టెలో ఉండే రోజులు పోయాయి. మనిషి ఒక్కడే, రెండూ చేశాడు. రెండూ గుర్తుపెట్టుకోవాలి.

పాలమూరు టు హైటెక్ సిటీ

నేను మహబూబ్‌నగర్ వాడిని, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. చర్చ అంతా తిట్ల మీదే నడుస్తోంది. చెడు ప్రవర్తన అంటే ప్రతిసారీ అరుపులే కానక్కర్లేదు.

సత్యం కంప్యూటర్స్ పెట్టిన రామలింగరాజును గుర్తు తెచ్చుకోండి. మృదువుగా మాట్లాడే మనిషి. 2005లో ఆయన ఆధ్వర్యంలో మొదలైన 108 అంబులెన్స్ మన ఊళ్ళలో ఎంతమంది ప్రాణాలు కాపాడిందో ఎవరూ కాదనలేరు. 2008లో సత్యానికి కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో, తన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొనాలని బోర్డు తీర్మానం చేసింది. ఇన్వెస్టర్లు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాసి ఒప్పుకున్నారు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, ఆయన అప్పీలుకు వెళ్ళారు.

నేను అడిగేది ఇది. ఆ బోర్డులో చదువుకున్న పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉన్నారు. ఆడిటర్లు ఉన్నారు. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి 'ఈ డిపాజిట్ ఉందా' అని గట్టిగా అడిగి తేల్చుకుంటే బయటపడే విషయం. ఎందుకు తేల్చుకోలేదు? అంత మర్యాదస్తుడిని అనుమానించడం మనకే మర్యాద కాదన్న భావం అందులో కొంత ఉందని నా నమ్మకం. మెత్తని మాట కూడా ఆకర్షణే. తిట్టే మనిషి దగ్గర భయంతో ప్రశ్న ఆగిపోతుంది. మంచివాడి దగ్గర మొహమాటంతో ఆగిపోతుంది.

గద్వాల సైకాలజీ

ఎమ్మే చదువుతున్నా. దీని మీద రెండు విషయాలు చెప్పాలి. ఎడ్విన్ హాలండర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1958లో ఒక ఆలోచన రాశాడు. గుంపుకు ఉపయోగపడుతూ, గుంపు పద్ధతులు పాటిస్తూ వచ్చిన మనిషికి మనం మనసులో కొంత మార్కులు జమ చేస్తాం. తర్వాత ఆయన పద్ధతి తప్పినా ఆ జమలో నుంచి కొంత కోసి ఊరుకుంటాం. అందుకే కొత్తవాడు చేస్తే తప్పు, పేరున్నవాడు చేస్తే ఆయన స్టైల్ అవుతుంది. పైన రైతన్న లెక్క సరిగ్గా ఇదే.

రెండోది, డేవిడ్ ఓవెన్. వైద్యుడు, ఆ తర్వాత బ్రిటన్ విదేశాంగ మంత్రి. ఆయన ఇంకొక వైద్యుడితో కలిసి 2009లో ఒక వ్యాసం రాశాడు. వందేళ్ళలో అమెరికా అధ్యక్షులుగా, బ్రిటన్ ప్రధానులుగా ఉన్నవాళ్ళను పరిశీలించి, కొందరిలో పదవితోనే మొదలయ్యే ఒక మార్పు ఉందన్నాడు. సలహా వినకపోవడం, తనకూ దేశానికీ తేడా లేదనుకోవడం, తనకు జవాబు అడగగలిగేది దేవుడో చరిత్రో తప్ప మామూలు మనుషులు కాదనుకోవడం. పదవి పోతే ఇది చాలావరకు తగ్గుతుందని కూడా అన్నాడు. అంటే పుట్టుకతో వచ్చిన గుణం అని మనం ఊరుకోనక్కర్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళ మౌనం దాన్ని పెంచుతుంది.

మక్తల్ మేస్త్రీ కొడుకు

మీరంతా మంత్రులు, కంపెనీల గురించి రాస్తున్నారు. నేను మా ఊరి సంగతి రాస్తా.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, ముంబై, పుణె కట్టడాలు. ఈ జనాన్ని పట్టుకుపోయేది గుంపు మేస్త్రీ. మా నాయన కూడా చిన్న మేస్త్రీనే. ఆయన పైన ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. ఆ మనిషి ఊళ్ళోకి వస్తే పండుగే. అందరి పేర్లు నోటికి వచ్చు. ఎవరి బిడ్డ పెళ్ళి ఆగిందో, ఎవరికి ఆపరేషన్ కావాలో ఆయనకు తెలుసు. రాత్రి వచ్చి అడిగినా అడ్వాన్సు ఇచ్చేవాడు. పీర్ల పండుగకు పైసలు, గుడికి పైసలు. ఆయన మాట్లాడుతుంటే ముసలివాళ్ళు కూడా కన్నార్పకుండా వినేవాళ్ళు.

సైటు మీద వేరే మనిషి. జ్వరం వచ్చి పడుకుంటే లేపి తన్నేవాడు. అడ్వాన్సు తీరిందా లేదా అని అడిగితే 'నా మీద నమ్మకం లేదా' అనేవాడు. ఆ ఒక్క మాటతో అందరూ ఊరుకునేవాళ్ళు. లెక్క ఆయన డైరీలో తప్ప ఎక్కడా ఉండదు. వలస కూలీల మీద 1979 నాటి కేంద్ర చట్టం 2025 దాకా ఉండేది. కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాలని, కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇచ్చి అందులో కూలి, అడ్వాన్సు రాయాలని ఉండేది. మా ఊళ్ళో ఆ పాస్‌బుక్ ఎవరి చేతిలోనూ నేను చూడలేదు. చట్టం చేసినవాళ్ళకు ఆ డైరీ సంగతి బాగా తెలుసని ఆ నిబంధన చదివితే అర్థమైంది.

ఆ మనిషి చెడ్డవాడని ఇప్పటికీ మా ఊళ్ళో సగం మంది ఒప్పుకోరు. 'కష్టంలో ఆదుకున్నాడు' అంటారు. ఆదుకున్నది నిజం. తన్నింది నిజం. ఆదుకున్నందుకే తన్నులు బయటికి రాలేదు.

నేరేడుచర్ల అక్క

తమ్ముడు రాసింది చదివి కళ్ళు తడిశాయి. ఇందులో ఆడవాళ్ళ మాట కూడా రావాలి. పేరున్న మనిషి దగ్గర పనిచేసే ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే మొదట వచ్చే మాట 'అంత పెద్దాయనకు నీతో ఏం పని'. రెండో మాట 'సంస్థ పేరు పోతుంది'.

ఊబర్ కంపెనీలో పనిచేసిన ఇంజినీర్ సూసన్ ఫౌలర్ 2017 ఫిబ్రవరిలో తన అనుభవం బయటపెట్టింది. మేనేజర్ వేధింపుల మీద ఫిర్యాదు చేస్తే, అతను బాగా పనిచేసే మనిషి కాబట్టి గట్టి చర్య తీసుకోలేమని హెచ్ఆర్ చెప్పిందట. అదీ అమెరికాలో. ఆ రాతతో మొదలైన అలజడిలో జూన్‌కల్లా సీఈఓ ట్రావిస్ కలానిక్ రాజీనామా చేశాడు. పనిమంతుడనే మాట అక్కడా ఇక్కడా ఒకే పని చేస్తోంది.

మన దగ్గర పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి పోవచ్చు. రైస్ మిల్లులో, బట్టల షాపులో, ప్రైవేటు స్కూల్లో పనిచేసే మన ఆడపిల్లలకు ఈ రెండో దారి ఉందని ఎవరూ చెప్పరు.

నకిరేకల్ రైతు

అందరూ చెప్పింది శ్రద్ధగా చదివినా. ఒక్కటి అడుగుతా. ఇట్లా ప్రతివాడినీ అనుమానిస్తూ పోతే నాయకుడు అనేవాడే ఉండడు కదా? పోరాటాలు నాయకులు లేకుండా గెలిచాయా?

సూర్యాపేట మాస్టారు

మంచి ప్రశ్న. ఆకర్షణ ఉన్నవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేను అనను. రావి నారాయణరెడ్డిని చూడండి. భువనగిరి దగ్గర బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టి, భూస్వాముల మీద పోరాటానికి నాయకుడయ్యాడు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడితే నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. జనం ఆయన కోసం ప్రాణం ఇచ్చేవాళ్ళు. అయినా ఆయన వెనక సంఘం ఉంది, ఊరూరా గుత్పల (కర్రల) సంఘాలు ఉన్నాయి, ఆయన్ను ఎదిరించి మాట్లాడే సహచరులు ఉన్నారు.

నాయకుడు లేకుండా గెలవలేమా అన్నారు. 1996 గుర్తుందా? ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన ఊళ్ళ గోడు ఢిల్లీకి వినిపించడానికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో బాధితులతో సహా జనం గుంపుగా నామినేషన్లు వేశారు. 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. గెలిచింది సీపీఐ నాయకుడు ధర్మభిక్షం. కానీ దేశం మాట్లాడింది ఆ 480 మంది గురించి. అప్పటిదాకా 500 ఉన్న లోక్‌సభ డిపాజిట్‌ను ఆ ఏడాదే పదివేలు చేశారు. ఆ జాబితాలో ఎన్ని పేర్లు ఈరోజు మనకు తెలుసు? పేరు లేని మనుషులు కదిలిస్తే కూడా ప్రభుత్వం కదులుతుంది.

ఆమనగల్ ప్లాటు

నా సమస్య చిన్నదే కానీ ఇక్కడే అడుగుతా. శ్రీశైలం హైవే పక్కన ప్రీ లాంచ్ (వెంచర్ మొదలుకాకముందే అమ్మకం) అని ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు. కంపెనీ చైర్మన్ మాట్లాడితే మైమరిచిపోయాం. తానూ కూలి బిడ్డనేనని ఏడ్చాడు. చుట్టాల పిల్లగాడే ఏజెంట్. సగం ధరకే ప్లాటు, మూడేళ్ళకు బై బ్యాక్, అంటే కంపెనీయే తిరిగి కొంటుంది అంటున్నారు. మీటింగ్ చివర్లో ఒక ముసలాయన కాగితాలు అడిగితే చైర్మన్ నవ్వుతూనే 'పెద్దాయనకు అదృష్టం రాసిపెట్టి లేదు' అన్నాడు, హాలంతా నవ్వింది. నాకు అప్పటినుంచి మనసు బాలేదు. రేపు అడ్వాన్సు కట్టాలి.

పాలమూరు టు హైటెక్ సిటీ

అన్నా, రేపు కట్టకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ తప్పే. రెరా నంబర్ అడిగి తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. కొనుగోలుదారుల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలని కూడా చట్టంలో ఉంది. ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉందో అడగండి. సర్వే నంబర్ తీసుకుని ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. భూమి ఎవరి పేరున ఉందో, తాకట్టులో ఉందో తెలుస్తుంది. చుట్టాల పిల్లగాడు నొచ్చుకుంటాడని ఆలోచించకండి.

మక్తల్ మేస్త్రీ కొడుకు

ఆ ముసలాయన నంబర్ దొరికితే ఆయనతో మాట్లాడండి అన్నా. ఆయన ఏం చూసి అడిగాడో తెలుసుకోండి.

ఆర్టిజన్ బిడ్డ (మిర్యాలగూడ)

నేరేడుచర్ల అక్కా, మీరు రాసిన స్థానిక కమిటీకి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? మా స్నేహితురాలు ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ యజమానే సమస్య.

నేరేడుచర్ల అక్క

కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారి ఆఫీసుకు పోయి, స్థానిక కమిటీకి ఫిర్యాదు అని చెప్పాలి. రాతపూర్వకంగా ఇవ్వాలి. మామూలుగా జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే వీలుంది. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు చూశారు, మెసేజ్‌లు ఏమైనా ఉన్నాయా, అన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టమను. తను ఒంటరిగా పోవడానికి భయపడితే నాకు ఇక్కడే ప్రైవేట్ మెసేజ్ పెట్టు చెల్లీ, నేను వెంట వస్తా.